చెప్పకుండానే చదివిన యంత్రం

అరవైల చివర్లో తార్నాకలో అద్దెకుంటూ, యూనివర్సిటీ క్యాంపస్‌లో కంప్యూటర్ దగ్గర పనిచేసేదాన్ని. విద్యార్థికో కార్డు, మార్కులు దానిమీద చిల్లులుగా ఉండేవి. "కార్డు చదువు, మార్కులు కూడు, అచ్చు వెయ్యి" అని వరసగా రాసిస్తే అది చేసేది.

ఓ మధ్యాహ్నం కొత్తగా వచ్చిన పద్ధతిలో ప్రోగ్రాం రాసి ఫలితాలు తీశాను. పరీక్షకు నేనే దిగబెట్టిన మా చెల్లి నంబరు లేదు! ఒకరు విడిచి ఒకరు మాయం.

మా సీనియర్ యాదగిరిగారు నా ప్రోగ్రాం చూశారు.

"చదువుమని నువ్వెందుకు చెప్పినవమ్మా? ఈ కొత్తదాంట్ల ఏం గావాల్నో చెప్తే సాలు. చదువుడు అదే చూస్కుంటది."

అది తనంతట తానే ఒక కార్డు చదివేది. అలవాటుకొద్దీ నేను రాసిన "కార్డు చదువు" విని, దాన్ని వదిలేసి ఇంకోటి లాక్కునేది.

ఆ లైను తీసేశాను. చెల్లి నంబరు వచ్చింది. కానీ ఎవరూ అడగకుండానే కార్డులు ఒక్కొక్కటే లోపలికి జారిపోతుంటే, ఆ గదిలో మేమిద్దరమే ఉన్నామని ఇప్పటికీ నమ్మలేను.