శాలువా కోసం చీకట్లో

ఈర్ష్యతో మనిషి ఎంత దూరం వెళ్తాడో తెలుసుకోవాలంటే పురాణాలు తిరగెయ్యక్కర్లేదు. నేను ఎదురింటి దాకా వెళ్ళాను, అయిదు కిలోల పండుమిరపకాయలు మోసుకుని. ఆ ఘనకార్యం ఎలా తగలడిందో చెబుతాను, నవ్వుకోండి.

గుంటూరులో మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ కోటేశ్వరరావుగారు మూడేళ్ళ కిందట ఒక పోటీ పెట్టారు. సాయంత్రం ఆరు నుంచి పది దాకా అందరూ ఒక్కసారే కరెంటు వాడితే గ్రిడ్ మీద భారమట. రుబ్బడం, ఉతకడం, ఇస్త్రీ పగటికి మార్చుకోవాలి. ఆయన రోజూ ఆరింటికీ పదింటికీ కింద మీటర్లు చూసి రాసుకుంటారు. అందరికన్నా తక్కువ వాడిన ఇంటికి నెలనెలా శాలువా. గుంటూరు ఎండల్లో శాలువా ఎందుకని అడక్కండి. నాకు కావాలి, అంతే.

మొదటి నెలంతా ఇడ్లీపిండి మిట్టమధ్యాహ్నం రుబ్బాను. మా ఆయన చొక్కాలు పన్నెండింటికే ఇస్త్రీ చేశాను. తీరా నెలాఖరున నోటీసు బోర్డు చూస్తే మొదటి పేరు 302, ఎదురింటి రమ. మా 301 చిట్టచివర.

రమ శాలువాతో వచ్చి, "నేనేం చెయ్యలేదక్కా, రోజూ ఎట్లా వాడతానో అట్లాగే వాడా" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏమీ చెయ్యకుండా శాలువా ఎలా వస్తుందండీ?

రెండో నెల ఆరు కాగానే మెయిన్ ఆపేశాను.

"ఏది పప్పో ఏది పులుసో కనపడట్లేదే" అన్నారు మా ఆయన చీకట్లో.

"తింటే తెలుస్తుందిగా, తినండి."

అయినా రెండో శాలువా కూడా రమకే. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

మూడో నెల ఇక ధర్మం, న్యాయం పక్కన పెట్టాను. సాయంత్రం ఏడింటికి మిరపకాయలు, చింతపండు, ఉప్పు తీసుకుని రమ తలుపు కొట్టాను.

"మా గ్రైండర్ పాడయింది రమా, కాస్త రుబ్బుకుంటా. ఘాటుగా ఉంది, ఆ ఏసీ కూడా వెయ్యవా?"

"దానికేముంది అక్కా, వేస్తా" అందా పిచ్చి తల్లి. రెండు గంటలు రుబ్బి, సగం పచ్చడి ఆవిడకే ఇచ్చి విజయగర్వంతో ఇల్లు చేరాను.

నెలాఖరున మళ్ళీ రమే ఫస్టు. మాదేమో ముందెన్నడూ లేనంత వాడకం. తిన్నగా సెక్రటరీగారి మీదకి వెళ్ళాను.

"చీకట్లో కూర్చున్న మేము చివరెట్లా అవుతామండీ? మీ లెక్క తప్పు."

"సందేహం ఎందుకమ్మా? మీ మెయిన్ ఆపి రండి, చూద్దాం."

ఆపి, మా ఆయన, రమతో సహా అందరం కిందకి దిగాం. 301 మీటరు లైటు మిణుకుమిణుకుమంటూనే ఉంది. ఆగిపోయింది 302.

"నంబర్లు తారుమారయినాయమ్మా. మీ పొదుపంతా రమగారి ఖాతాలో పడింది" అన్నారాయన. "గోడలకి రంగులేసినప్పుడు ఈ నంబర్లు రాసిందెవరు?"

"ఎవరోగానీ గుండ్రంగా భలే రాశారు" అంది రమ.

మా ఆయన దగ్గారు. పెయింటరు రాత వంకరగా ఉందని కుంచె లాక్కుని రాసింది నేనేనండి.

రమ పరుగున పైకెళ్ళి శాలువాలు తెచ్చి, "ఇవి నీవేనక్కా" అని ఒకదాని మీద ఒకటి కప్పేసింది. చెమటలు కారుతుండగా, సెక్రటరీగారి సాక్షిగా అక్కడే ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో కుంచె పట్టను, ఎవర్నీ చూసి ఏడవను.

ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. కాకపోతే ఆ రోజు ఒకే గ్రైండర్లో రుబ్బిన పచ్చడి, రమ జాడీలో అంత ఎర్రగా ఎందుకుందో మాత్రం నాకు తెలియాలి.