తొమ్మిది దిక్కులూ, ఒక బకెట్ పేడనీళ్ళూ

ఆ రోజుల్లో నాకు విశ్వం ఎలా పుట్టిందో తెలుసు. తెలియనిదల్లా మా కాలేజీలో సెల్‌ఫోన్ సిగ్నల్ ఎక్కడ దొరుకుతుందన్నదే. ఇరవై నాలుగేళ్ళ వయసులో మనిషికి పెద్ద విషయాలన్నీ తెలుస్తాయి, చిన్నవే తెలియవు. వయసు పెరిగేకొద్దీ ఇది తిరగబడుతుందంటారు గానీ, నా విషయంలో పెద్దవి ఒక్కొక్కటే జారిపోతున్నాయి, చిన్నవి మాత్రం ఇంకా రావడం మొదలుపెట్టలేదు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ అయ్యాక విజయనగరం పక్కనున్న మా ఊరు వదిలి, అరకు దాటాక కొండల్లో ఉన్న ఒక రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా చేరాను. గెస్ట్ అన్న మాట విని అక్కడేవో మర్యాదలు జరుగుతాయనుకున్నాడు మా నాన్న. (ఏటా ఏప్రిల్ నెలలో "ఇక దయచేయండి" అంటారు. ఆ ఒక్క విషయంలోనే మేం అతిథులం.) అందుకని ఆ ఏప్రిల్ లోపల ఎక్కడైనా పీహెచ్‌డీ సీటు సంపాదించకపోతే, సామాను సర్దుకుని మా ఊరెళ్ళి మామయ్య ఎరువుల కొట్లో కూర్చోవాలి. ఇంట్లో ఆ కుర్చీ తుడిచి సిద్ధంగా పెట్టారు కూడా.

నేను ఎమ్మెస్సీలో చేసిన ప్రాజెక్టు స్ట్రింగ్ థియరీ మీద. బల్లా, బండా, మనమూ, లోకంలో ప్రతిదీ కంటికి ఆనని సన్నని తీగలు కంపించడం వల్లే ఏర్పడిందంటుంది ఆ సిద్ధాంతం. అక్కడితో ఆగితే బాగుండేది. ఆ లెక్కలు కుదరాలంటే మనకు తెలిసిన పొడవు, వెడల్పు, ఎత్తు చాలవట, మొత్తం తొమ్మిది దిక్కులు కావాలట. మిగతా ఆరూ ఏవయ్యా అంటే, విశ్వం పుట్టినప్పుడు తొమ్మిదీ ముడుచుకునే ఉన్నాయి, మూడే విచ్చుకున్నాయి, ఆరు అలాగే ఉండిపోయాయి అంటారు. ఆ మూడే ఎందుకు విచ్చుకున్నాయన్నది నా ప్రాజెక్టు. దీన్ని దొరికినవాళ్ళకు దొరికినట్టు చెప్పేవాణ్ణి. జువాలజీ మాస్టారు నన్ను చూడగానే ఎప్పుడూ లేనిది గోడకున్న కప్ప బొమ్మను శ్రద్ధగా పరిశీలించేవాడు. చివరికి మిగిలిన శ్రోత మా వంటావిడ ఒక్కతే. కూరైనా పప్పైనా చింతపండు పడందే గిన్నె దించదు కాబట్టి ఆవిణ్ణి అందరూ పులుసప్ప అనేవాళ్ళు. (మా వైపు అప్ప అంటే అక్క.) పక్కనే ఉన్న కొండ ఊరి మనిషి. నేను భోంచేస్తూ చెప్పిందంతా విని, "మరి ఆ ఆరూ ఎక్కడున్నాయి సారూ?" అనేది. "ఇక్కడే, అంతటా ఉన్నాయప్పా. కనపడవు." "నువ్వు సూసినావా?" "ఎవరూ చూడలేదు." "అయితే సరే, కంచం కడిగీసి ఎల్లు" అనేది. నా జీవితంలో నేను ఎదుర్కొన్న మొదటి విమర్శకురాలు ఆవిడే.

అలాంటి స్థితిలో ఒక పెద్ద విశ్వవిద్యాలయం నుంచి పిలుపొచ్చింది, ఫలానా రోజు మధ్యాహ్నం మూడింటికి వీడియో కాల్లో ఇంటర్వ్యూ అని. మా కాలేజీకి సిగ్నల్ లేదు. అది దొరికేది ఒక్కచోటే, నాలుగు కిలోమీటర్ల అవతల ఘాట్ రోడ్డు మలుపులో కాఫీ తోట గట్టు మీద. సెలవు కోసం ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళాను. ఆయన్ని మేం చాటుగా సర్క్యులర్ గారు అనేవాళ్ళం. తుమ్ము వచ్చినా, తుమ్మడానికి అనుమతిస్తూ పైనుంచి కాగితం వచ్చిందేమో చూసుకునే రకం. ఆయన కళ్ళజోడు సవరించుకుని, "ఊరెళ్తే సెలవండి. మీరు ఊరెళ్ళడం లేదు, సిగ్నల్ కోసం వెళ్తున్నారు. సిగ్నల్ కోసం సెలవివ్వమని సర్క్యులర్ లేదు. ఇవ్వొద్దనీ లేదు. రాసివ్వండి మాస్టారూ, పైకి పంపుతాను" అన్నాడు. రాసిచ్చాను. ఆ కాగితం పైకి వెళ్ళింది, ఇప్పటిదాకా కిందికి రాలేదు. వరండా సన్నం, ఆయన గది వరండాలోనే. ఆ రోజు ఆయన కంటపడకుండా బయటపడడానికి నేను వంటింటి కిటికీ దూకాల్సి వచ్చింది, అదీ టై కట్టుకుని.

ఇంతా చేసి నేను మరిచిపోయిందేమిటంటే అది చైత్రమాసం, ఆ కొండల్లో ఇటుకల పండగ అనే వేట పండగ రోజులు. మగవాళ్ళు పొద్దున్నే వేటకని అడవిలోకి పోతారు. (ఇప్పుడు అడవిలో జంతువులూ లేవు, చట్టమూ ఊరుకోదు. చాలామంది చెట్లు చూసి వస్తారు.) ఆడవాళ్ళు రోడ్డుకడ్డంగా దుంగ వేసి, వచ్చేపోయే బళ్ళని ఆపి పండగ మామూలు పుచ్చుకుంటారు. పులుసప్ప ఊరి దగ్గర నా బైకు ఆగేసరికి రెండు నలభై. దుంగ అవతల ఇరవైమంది ఆడవాళ్ళు, మధ్యలో సాక్షాత్తూ పులుసప్ప. నా ప్రాణం లేచివచ్చింది, మనవాళ్ళే కదా అని. జేబులోంచి నోటు తీశాను.

"నీకాడ డబ్బులు పుచ్చుకుంటామేటి సారూ. ఒక్క సుట్టు మాతో ఆడీసి ఎల్లు" అంది.

"అప్పా, ఇంటర్వ్యూ ఉంది. ఇరవై నిమిషాలే ఉన్నాయి."

"ఏటడుగుతారు అందులోన?"

"విశ్వం ఎలా పుట్టిందని అడుగుతారు."

"ఎప్పుడు పుట్టింది?"

కోపంలో కూడా అబద్ధం చెప్పలేని జబ్బు నాది. "పదమూడు వందల ఎనభై కోట్ల ఏళ్ళ కిందట" అన్నాను.

"మరింకేటి సారూ, అంత పాతదానికి ఇప్పుడంత తొందరేటి?" అంది పులుసప్ప. పక్కావిడ వెంటనే నా బైకు తాళం లాగేసింది. తాళం కోసం వాళ్ళ కొండ నాట్యం ధింసా ఆడాను. అటొకావిడ, ఇటొకావిడ నడుం వెనకనుంచి చేతులు పెనవేసి పట్టుకుంటే, బూట్లతో, టైతో, మూడడుగులు ముందుకీ రెండడుగులు వెనక్కీ. నేనొక్కణ్ణే రెండు ముందుకీ మూడు వెనక్కీ వేశాను. అంతమంది ఒక్కసారి నవ్వడం నేను మళ్ళీ వినలేదు.

తాళం తిరిగి చేతికొచ్చాక, మూడింటికి అర నిమిషం ముందు గట్టెక్కాను. అక్కడ అప్పటికే మైదానం నుంచి వచ్చిన మిరియాల వ్యాపారి ఒకాయన ఫోన్లో, "తేమ ఉంది, తేమ ఉంది" అని కొండలు ప్రతిధ్వనించేలా అరుస్తున్నాడు. చెమటలు కారుతున్న ముఖంతో తెర మీద ప్రత్యక్షమయ్యాను. అవతల నలుగురు. ముగ్గురు అడిగినవాటికి బాగానే చెప్పాను. నాలుగో ఆయన తెలుగాయనే, పెద్దాయన. చల్లగా అడిగాడు, "బాబూ, ఈక్వేషన్లు పక్కన పెట్టు. మా చెల్లెలు లెక్కలు చదువుకోలేదు. ఆవిడకి అర్థమయ్యేలా చెప్పు, ఆ మూడు దిక్కులే ఎందుకు విచ్చుకున్నాయి?" నేను గొంతు సవరించుకుని, "ఈక్వేషన్ లేకుండా చెబితే తప్పవుతుంది సార్" అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్రాడి చెవి పట్టుకోవాలనిపిస్తుంది. రెండేళ్ళుగా దాన్ని వంటింట్లో, బస్సులో, మంగలి షాపులో చెప్పినవాడు, అడగవలసినవాడు అడిగినప్పుడు చెప్పనన్నాడు. సరే, ఈక్వేషనే చెప్పమన్నట్టు ఆయన చెయ్యి ఊపాడు. మొదలుపెట్టాను. సగంలో తెర మీద నలుగురూ బిగుసుకుపోయారు. సిగ్నల్ పోయిందో, వాళ్ళే పెట్టేశారో తెలియలేదు. గంటసేపు ఫోను పైకెత్తి గట్టంతా తిరిగాను. వ్యాపారి జాలిపడి, "తేమ తగిలితే అంతేనండి" అన్నాడు.

తిరిగొచ్చేసరికి దుంగ తీసేశారు గానీ ఆడవాళ్ళు ఊరి మొదట్లోనే నిలబడి ఉన్నారు, బకెట్లతో. వేటనుంచి ఒట్టి చేతులతో వచ్చిన మగవాడి మీద పేడనీళ్ళు పోసి వెక్కిరించడం ఆ పండగ ఆచారమని నాకు తెలుసు, కానీ అది నాకు వర్తిస్తుందని ఏ సర్క్యులర్లోనూ లేదు. పులుసప్ప నా ముఖం చూసి, "దొరికిందా సారూ?" అంది. సీటు సంగతే అడుగుతోంది పాపం అనుకుని, ఏడుపు గొంతుతో "లేదప్పా" అన్నాను. మాట పూర్తయ్యేలోపు బకెట్ మొత్తం నా నెత్తిన పడింది. ఒకటే తెల్ల చొక్కా నాకు. టై మా బావది.

అప్పుడు నిజంగానే ఏడ్చాను. కోపంతో, సిగ్గుతో, ఎరువుల కొట్టు కళ్ళ ముందు కనపడి, అన్నీ కలిపి ఏడ్చాను. పేడనీళ్ళలో కన్నీళ్ళు తెలియవు, అదొక్కటే సుఖం. పులుసప్ప మాత్రం చూసింది. ఒక చెంబు మంచినీళ్ళు ఇచ్చి, "ఏడుత్తావేటి. దొరకనోళ్ళు ఈ పూట సిగ్గుపడాల, రేపు మళ్ళీ ఎల్లాల. అందుకే పోత్తాం" అంది.

"ఇది అడవి కాదప్పా. ఇంటర్వ్యూ. ఒక్కసారే."

"ఎవులు సెప్పినారు ఒక్కసారని? అడిగినావా?"

అడగలేదు. అడగొచ్చని కూడా తోచలేదు. మర్నాడు పొద్దున్నే, పేడ వాసన ఇంకా జుట్టులో ఉండగానే, గట్టెక్కి ఫోన్లో మెయిల్ పంపాను, సిగ్నల్ పోయింది, నా తెలివీ పోయింది, ఇంకో పది నిమిషాలు ఇవ్వగలరా అని. ఇచ్చారు. ఈసారి పెద్దాయన అడక్కుండానే చెప్పాను: "సార్, మొదట్లో తొమ్మిది దిక్కులూ చీపురుకట్టల్లా తీగలతో బిగించి ఉన్నాయి. ఒక తీగ దాని ఎదురు తీగను ఢీకొంటేనే రెండూ తెగి కట్టు విడుతుంది. మా కాలేజీ వరండా సన్నం, అక్కడ ప్రిన్సిపాల్ గారికి ఎదురుపడక తప్పదు. అదే ఆటస్థలంలో అయితే తప్పించుకుపోవచ్చు. మూడు దిక్కుల దాకా తీగలకు వరండానే, ఢీకొని తీరతాయి. అంతకు మించితే ఆటస్థలం. ఒకదానికొకటి తగలవు, కట్లు విడవవు. అందుకే మూడే విచ్చుకున్నాయి." పెద్దాయన చాలాసేపు నవ్వి, "మీ ప్రిన్సిపాల్ గారికి నా నమస్కారం చెప్పు" అన్నాడు. సీటు వచ్చింది. నమస్కారం చెబితే సర్క్యులర్ గారు, "రాతపూర్వకంగా ఉందా?" అన్నాడు.

ఇప్పుడు నా పేరు ముందు డాక్టర్ ఉంది. ఇన్నేళ్ళుగా నేనూ నాలాంటివాళ్ళు కొన్ని వేలమందీ ఆ తీగల కోసం వెతుకుతూనే ఉన్నాం. ఇంతవరకూ ఒక్కటి కూడా చిక్కలేదు. ఏటా సదస్సుకు వెళ్ళి, ఏమీ దొరకలేదన్న సంగతి నలభై నిమిషాలు వివరిస్తాను. అందరూ చప్పట్లు కొడతారు, శాలువా కప్పుతారు, జీడిపప్పు బిస్కెట్లతో టీ ఇస్తారు. బీరువా నిండా శాలువాలే. ఒక్కొక్కప్పుడు వాటిని చూస్తే నాకు సిగ్గుగా ఉంటుంది. సిగ్గుపడమని చెప్పేవాళ్ళు లేకపోవడం వల్ల ఆ సిగ్గు కూడా సరిగా పడలేకపోతున్నాను.

మొన్న పులుసప్ప ఫోన్ చేసింది. కాలేజీ పక్కనే టవరు వేశారట, వంటింట్లోంచే మాట్లాడుతోంది. కుశల ప్రశ్నలయ్యాక, "మరి ఆ తీగలు దొరికినాయా సారూ?" అంది.

"లేదప్పా" అన్నాను.

అవతల పోపు చిటపటలాడింది. తర్వాత మెల్లగా అంది, "ఈ ఏడు పండక్కి రా మరి."

వస్తానన్నాను. పాత చొక్కా ఒకటి తీసి పక్కన పెట్టాను.