తాతమ్మ లేని రెండో భాగం

చేపలమ్మే తాతమ్మ నోట అబద్ధం రాదని ఆమదాలవలసలో ఎవరినడిగినా చెబుతారు. పంతొమ్మిదేళ్లుగా రోజూ పొద్దున్నే సముద్రపొడ్డు నుంచి ఆటోలో వచ్చి, గంప నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరుగుతోంది. నిన్నటి చేపను ఈరోజుదని ఏనాడూ అమ్మలేదు. "ఇది నిన్నటిదమ్మా, పులుపు బాగా తగిలించుకో" అని తనే ముందు చెప్పేస్తుంది. అలాంటి మనిషి మాటను ఎనిమిది నెలలపాటు ఊరు ఊరంతా నమ్మలేదంటే ఆ పాపం సినిమాదే.

నాలుగేళ్ల కిందట వాళ్ల పేటలో 'సంద్రం దొర' షూటింగు జరిగింది. హీరో పరుగెత్తుకొస్తూ, తాతమ్మ ఇసుకలో ఆరబెట్టిన చేపల్ని తొక్కేశాడు. ఆవిడకి కెమెరా తెలీదు, హీరో తెలీదు. చొక్కా పట్టుకుని "ఒరే, నీ కాళ్లకి కళ్లు నేవేటి? ఈ సేప నీ బాబు పట్టుకొచ్చినాడేటి?" అని దులిపేసింది. దర్శకుడు పడీపడీ నవ్వి ఆ ముక్కను సినిమాలో ఉంచేశాడు. ఏడంటే ఏడు సెకన్లు. సినిమా ఆడినన్నాళ్లూ ఆ ఏడు సెకన్లకి హాల్లో కాగితాలు ఎగిరాయి.

రెండో భాగం ఇదిగో అన్నారు, అదిగో అన్నారు, మూడుసార్లు వాయిదా వేశారు. వాయిదా వేసినప్పుడల్లా ఓ కొత్త పోస్టరు. ఆఖరికి ఇరవై సెకన్ల టీజరు వదిలారు. అందులో ఇసుక మీద నడిచిపోతున్న ఓ ఆడమనిషి చెయ్యీ, నడుం మీద చేపల గంపా కనబడి మాయమవుతాయి. స్టేషన్ రోడ్డులో సెల్‌ఫోన్లు బాగుచేసే ఫిన్నీ అభిమాన సంఘానికి అధ్యక్షుడు. అతను బొమ్మను ఆపి, పెద్దది చేసి, గాజుల రంగు చూసి తేల్చేశాడు. ఆ చెయ్యి తాతమ్మదేనట!

"నన్నెవులూ పిలవనేదురా బాబూ" అంది తాతమ్మ.

ఫిన్నీ కన్ను గీటాడు. "నాకు తెలుసత్తా. అగ్రిమెంటు అలాగే ఉంటాది. బయటికి సెప్పకూడదు."

"గంగమ్మతల్లి మీద ఒట్టు. నాకూ ఆ సినిమాకీ ఏటీ సంబంధం నేదు."

"ఓలమ్మో, ఒట్టు కూడా ఏయించినారా!"

ఇంక వీడితో మాట్లాడి లాభం లేదని తాతమ్మ నోరు మూసుకుంది. తెల్లారేసరికి ఊళ్లో ప్రతి ఫోన్లోనూ "తాతమ్మ మౌనానికి అర్థమేమిటి?" అని తిరుగుతోంది. వారం తిరక్కుండా రైల్వే గేటు దగ్గర ఫ్లెక్సీ లేచింది. ఓ పక్క హీరో, ఓ పక్క గంపతో తాతమ్మ.

ఉన్నమాట చెప్పాలంటే ఆ ఫ్లెక్సీ చూసి ఆవిడ లోలోపల మురిసిపోయింది. సముద్రం మీద వేటకెళ్లే మొగుడు నూకయ్య అయితే దాని ముందు నిలబడి తల దువ్వుకున్నాడు కూడా. కానీ ఆ మురిపెం వెనకే బెంగ. సినిమాలో తను కనబడదు. ఆ రోజున వీళ్లంతా తాతమ్మ మోసం చేసిందంటారు. ఒక్కసారి ఆ మాట పడ్డాక, ఏ గుమ్మంలో నిలబడి తాజా చేప అన్నా ఎవరు నమ్ముతారు?

విడుదల రోజు పొద్దున్న ఫిన్నీ పూలదండలు కట్టిన ఆటో తెచ్చాడు. తాతమ్మ రానంది. "ఎల్లకపోతే తప్పు సేసి దాక్కున్నట్టుంటాది. ఎల్లు, నానూ వస్తాను" అన్నాడు నూకయ్య. ఉదయం ఆటకి హాలు కిటకిటలాడుతోంది. ఆవిణ్ణి తీసుకెళ్లి నట్టనడుమ కూర్చోబెట్టారు.

ఇంటర్వెల్‌కి కాస్త ముందు ఆ చెయ్యి వచ్చింది. హాలంతా లేచి నిలబడింది. కాగితాలు, ఈలలు. కెమెరా మెల్లగా పైకి వెళ్లింది. మారువేషంలో ఉన్న హీరోయిన్!

ఈలలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. లైట్లు వెలిగాయి. తలలన్నీ తాతమ్మవైపు తిరిగాయి. వెనకనుంచి ఎవడో "మోసం!" అని అరిచాడు.

తాతమ్మ ఒళ్లు మండిపోయింది. కొంగు బిగించి లేచింది. "ఎవుడ్రా మోసం అన్నోడు? ఎనిమిది నెల్ల నుండీ నన్నెవులూ పిలవనేదని మొత్తుకుంతన్నాను. మీలో ఒక్కడైనా ఇన్నాడా? నానెప్పుడైనా ఉన్నానని సెప్పినానేటి? సెప్పండి!"

అప్పుడు ఫిన్నీ కుర్చీ ఎక్కాడు. మొహం ఎర్రగా కందిపోయింది. "అత్త అబద్ధమాడనేదు. అడిగినప్పుడల్లా నేదనే సెప్పినాది. ఉందని సెప్పింది నాను. ఫ్లెక్సీ కట్టింది నాను. తిడితే నన్ను తిట్టండి."

తాతమ్మ గుండెల మీంచి పెద్ద బరువు దిగిపోయింది. దాంతో పాటు నోరూ లేచింది. "అయినా ఆ హీరోయిన్ గుంట గంప ఎత్తుకున్న తీరు సూసినారా? సేపలున్న గంప నడుం ఇరిసేస్తాది. అదేమో పూలసజ్జ ఒట్టుకున్నట్టు ఎల్లిపోతంది. అది ఖాళీ గంపర్రా!"

హాలు గొల్లుమంది. ఇందాక హీరోకి కూడా అన్ని ఈలలు పడలేదు.

సినిమా మళ్లీ మొదలయ్యాక చూడాలి ఆ సంబరం. తెర మీద హీరో ఒంటిచేత్తో వల విసిరాడు. "అత్తా, నిజమేనా?" అని వెనకనుంచి కేక. "ఉత్తిదే!" అంది తాతమ్మ. హాలంతా చప్పట్లు. పడవని ఒడ్డుకి లాగారు. "ఇదో అత్తా?" "ఇది కరెస్టే!" మళ్లీ చప్పట్లు. ఆవిడ ఏది చెబితే అదే వేదం. నూకయ్య పక్కన కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.

చివర్లో తుఫాను వచ్చింది. వేటకెళ్లిన పడవలు రాలేదు. వానలో ఆడవాళ్లంతా ఒడ్డున నిలబడి సముద్రం వైపు చూస్తున్నారు. ఎంతసేపటికో దూరంగా ఒక్క పడవ కనబడింది. ముందు వరసలోంచి ఫిన్నీ వెనక్కి తిరిగాడు.

"అత్తా, ఇది నిజమేనా?"

తాతమ్మ నూకయ్య చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది. కళ్ల నీళ్లు బుగ్గల మీదికి జారుతున్నా తుడుచుకోవడం లేదు.

"ఊరుకోరా" అంది చిన్నగా. "సూడనీ."