కంటి పరీక్ష జాబితాలో నేను రాసిన రెండు మాటలు

తెలంగాణ ఉద్యమం ఉద్ధృతంగా ఉన్న రోజుల్లో నేను హైదరాబాదు రాయదుర్గంలోని ఒక ఐటీ కంపెనీలో ఉద్యోగుల సంక్షేమం చూసేవాణ్ణి. మాది రాయలసీమ. ఆ ఏడు కొత్తగా అందరికీ కంటి బీమా తెచ్చాం. ఆఫీసులోనే ఒకరోజు డాక్టర్లు వచ్చి పరీక్షిస్తారు, ఆపైన అద్దాలు, చికిత్స బీమా కిందికి వస్తాయి.

సరిగ్గా ఆ రోజుకే బంద్ పిలుపు వచ్చింది. బంద్ అయినా పని ఆగలేదని పైవాళ్లకు చూపించుకోవడం మాకు అలవాటు. చుట్టుపక్కల ఉన్నవాళ్లను తెల్లవారకముందే క్యాబుల్లో రప్పించాను. పరీక్షను వాయిదా వేయలేదు.

మర్నాడు బిల్లుల విభాగంలో పనిచేసే పెద్దాయన నా దగ్గరికి వచ్చారు. చేవెళ్ల అవతలి ఊరినుంచి రోజూ బస్సులో వచ్చే మనిషి.

"సార్, నిన్న బస్సులు నడ్వలే. నా పేరు జర మల్ల రాయుండ్రి. ఎడమ దిక్కు తలుపులు తగుల్తున్నయ్."

అప్పటికి రెండు రోజుల ముందే క్యాంటీన్‌లో రాష్ట్రం గురించి ఆయనతో వాదించి ఓడిపోయి ఉన్నాను.

"ఏమన్నా, మీ బంద్ మీరే చేసుకుంటిరి. కండ్ల పరీక్ష గూడా మీరే చేపిచ్చుకోండి!" అన్నాను.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయనా నవ్వి, "సారుకు ఇంక కోపం దిగలే" అంటూ వెళ్లిపోయారు.

రానివాళ్ల జాబితాలో కారణం రాయాలి. 'రాలేకపోయారు' అని రాస్తే డాక్టర్లు మరో రోజు వస్తారు. నేను ఆయన పేరు ఎదురుగా 'ఆసక్తి లేదు' అని రాశాను. అంటే ఆ ఏడాదికి పరీక్షా ఉండదు, బీమా వర్తించదు. ఆయన పేరు తర్వాత, బంద్ వల్ల రాలేకపోయిన ఇంకో ఏడుగురికీ అదే రాశాను.

నెలలు గడిచాక ఆయన సర్కారు దవాఖానకు వెళ్తే నీటికాసులు, అంటే గ్లాకోమా అన్నారు. ఎడమకంట పోయిన చూపు తిరిగి రాదన్నారు, ఉన్నది నిలుపుకోవడానికి చుక్కల మందు ఇచ్చారు.

మరుసటి ఏడు జాబితాలో ఆయన పేరే ముందు రాశాను. పరీక్ష రోజున వరుసలో నిలబడి, "ఈసారి సారే యాదుంచుకొని నా పేరు ముందుగాల రాసిండు" అని పక్కవాళ్లకు చెబుతున్నారు. నేను ఆయనకు ఎడమవైపు, చేయి చాస్తే అందేంత దూరంలో ఉన్నాను. పలకరిస్తే మెడంతా తిప్పి నన్ను వెతుక్కున్నారు.

పాత జాబితా సంగతి చెప్పడానికి నోరు తెరిచాను.

"చుక్కలు మరవద్దన్నా" అన్నాను.

తర్వాత ఆయనకు కనబడేలా కుడివైపుకు వచ్చి నిలబడ్డాను. అంతకు మించి ఏమీ చేయలేదు.