ఫ్యాను ఆగితే డిజైన్లు పోతాయి

తన కూతురు జమునకు అబద్ధమాడడం చేతకాదని బుచ్చవ్వ వాడంతా చెప్పుకునేది. లాక్‌డౌన్ వచ్చి ఆ మాటను అబద్ధం చేసింది.

సొంతూరికి దూరంగా, వలస వచ్చిన నేతగాళ్లుండే వడోద్ బస్తీలో వాళ్లది ఒక్క గది ఇల్లు. తండ్రి మగ్గాల మోతలో ముందు చెవులు, తర్వాత ప్రాణం పోగొట్టుకున్నాడు. జమున కంప్యూటర్ నేర్చుకుని, సచిన్ అనే ఫ్యాక్టరీల పేటలో హస్ముఖ్‌భాయ్ శేఠ్ మగ్గాల ఫ్యాక్టరీలో సిస్టమ్ చూసే ఉద్యోగంలో చేరింది. ఊరు మూతపడ్డాక ఆఫీసు ల్యాప్‌టాప్‌ను బియ్యం డబ్బా మీద పెట్టుకుని, ఫ్యాక్టరీలోని పెద్ద కంప్యూటర్‌ను ఇంటి నుంచే నడిపేది. చీరల డిజైన్లు, ఆర్డర్లు అన్నీ అందులోనే. శేఠ్ రోజూ స్నానం చేసి, దేవుడికి దండం పెట్టి, తన ఫ్లాట్‌లో కూర్చుని ఆ డిజైన్లను దర్శించుకునేవాడు. స్క్రీన్ తెరుచుకోకపోతే చాయ్ కూడా గొంతు దిగేది కాదు.

ఫ్యాక్టరీ వెనక రేకుల గదుల్లో తెలంగాణ నేత కార్మికులు చిక్కుకుపోయారు. రైళ్లు లేవు, పని లేదు. ఏప్రిల్ ఎండకు రేకులు పెనంలా కాలుతున్నాయి. మగ్గం తిప్పనివాడికి ఫ్యాను ఎందుకని శేఠ్‌కు తోచింది. గదుల కరెంటు కోసేస్తే నీళ్ల మోటారూ ఆగుతుంది, వాళ్లే ఎటో పోతారు. ఎటు పోతారన్నది ఆయనకు పట్టలేదు. యజమానుల ఆలోచన సాధారణంగా గేటు దగ్గరే ఆగిపోతుంది.

ఈ సంగతి ఆయనే ఫోన్‌లో చెబితే, జమున వినయంగా హిందీలో జవాబిచ్చింది: "కోయించండి శేఠ్‌జీ. కంప్యూటర్ ఉన్నదీ ఆ లైన్ మీదే. తర్వాత డిజైన్లు పోతే నన్ననొద్దు."

కంప్యూటర్ ఉన్న ఆఫీసుకు వేరే లైను ఉందని ఆమెకు తెలుసు. వైరింగ్ చేసిన మిస్త్రీకీ తెలుసు గానీ, అతను యూపీలో తన ఊళ్లో ఉన్నాడు.

శేఠ్ ఊరికే నమ్మే మనిషి కాదు. రేపు పొద్దున వాచ్‌మన్ గదుల స్విచ్ దించుతాడని, తను స్క్రీన్ ముందు కూర్చుని చూస్తానని అన్నాడు.

జమున వెంటనే ఆ గదుల్లో ఉన్న పరుశురాంకు ఫోన్ చేసింది. తండ్రి పక్క మగ్గం మీద పనిచేసిన మనిషి. "చిన్నాయినా, ఫ్యాను ఆగంగనే నాకు మిస్డ్ కాల్ కొట్టు. ఒక్కటే రింగు," అంది. ఆ రింగు వినగానే కంప్యూటర్‌లోకి శేఠ్ వచ్చే దారిని ఇక్కడి నుంచి మూసేయాలని ఆమె పన్నాగం.

మర్నాడు, సిగ్నల్ కోసం వాకిట్లో పెట్టిన ఫోన్ మోగింది. నెల రోజులుగా మనిషి మాటకు మొహం వాచిన బుచ్చవ్వ, ఆ ఒక్క రింగూ పూర్తికాకముందే ఎత్తేసింది.

"పరుశురామా, మంచిగున్నవా? ఏం కూర అండుకున్నరు?"

వదిన అడిగితే చెప్పకుండా ఎట్లా అని అతను పప్పుచారు నుంచి మొదలుపెట్టాడు. అక్కడ ఫ్యాను రెక్కలు ఆగిపోయి చెమటలు కారుతున్నాయి. ఇక్కడ జమున సంగతి తెలియక, గదిలో ల్యాప్‌టాప్ మీద వేలు పెట్టుకుని రింగు కోసమే చూస్తోంది. "గాలి లేదా? అయ్యో పాపం," అన్న తల్లి మాట చెవిన పడ్డాక గానీ దారి మూయలేదు.

శేఠ్ ఫోన్ రానే వచ్చింది. డిజైన్లు పోయాయని ఒకటే గోల. అయినా అనుమానం వదల్లేదు. స్విచ్ ఎప్పుడో దించితే స్క్రీన్ ఇప్పుడెందుకు పోయిందని అడిగాడు.

జమున బదులిచ్చింది: "కంప్యూటర్ కింద బ్యాటరీ ఉంది కదా శేఠ్‌జీ. పాపం, అంతసేపు ఊపిరి బిగబట్టింది. ఇంకోసారైతే తట్టుకోదు."

ఆ బ్యాటరీని సణుక్కుంటూ కొన్నది శేఠే. అది గుర్తొచ్చి నమ్మకం కుదిరింది. రెండో ఫోన్‌లో వాచ్‌మన్ మీద విరుచుకుపడ్డాడు. ఫ్యాన్లు తిరిగాయి. జమున దారి తెరిచింది. చీరలన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

సాయంత్రం పాలబండిలో శేఠ్ ఫ్యాక్టరీకి పెద్ద తాళం పంపాడు. ఎవడూ దించకుండా స్విచ్ ఉన్న పెట్టెకు వేయాలట. పొద్దున దించిన వాచ్‌మన్‌ను ఆయన ఇక నమ్మడు. తాళంచెవి ఎవరి చేతిలో పెట్టాలి, రాత్రీపగలూ అక్కడ ఎవరుంటారని జమునను అడిగాడు. గదుల్లో ఉన్నవాళ్లే, వాళ్లకు పోయే చోటెక్కడిదని ఆమె అంది.

చీకటిపడే వేళ పరుశురాం ఫోన్ చేశాడు. "గిదేంది బిడ్డా, మమ్ముల ఎళ్లగొడ్తడనుకుంటే నా చేతిల తాళంచెవి పెట్టిచ్చిండు?"

"మొల్తాడుకు కట్టుకో చిన్నాయినా. శేఠ్ అచ్చి అడిగినా ఇయ్యకు."