శవం లేచేలోపల రాగలిగే దేశం

మా బావ పోయినాడు. దుబాయిలో. నిద్రలోనే గుండె ఆగిపోయిందని పక్క రూములో ఉండే మలయాళీ ఆయన ఫోన్ చేసి చెప్పినాడు. నేను ఉదయగిరిలో నా షాపులో బోరు మోటారు విప్పుకొని, చేతుల నిండా గ్రీజుతో ఉన్నాను. ఆ చేతుల్తోనే ఆత్మకూరులో ఉండే మా అక్కకు ఫోన్ చేసినాను. ఆ గ్రీజు మరక ఇంకా ఫోను కవరు మీద ఉండాది. తుడవబుద్ధి కావడంలేదు.

బావంటే మా అక్క మొగుడు. సొంతూరు సీతారామపురం అవతల ఒక పల్లె, గొర్రెలోళ్ల ఇల్లు. కాపురం ఆత్మకూరులో. పని షేర్ల ట్రేడింగ్. ఒకరి కింద జీతం కాదు, ఆఫీసు లేదు. మిద్దె మీద రేకుల గది, రెండు స్క్రీన్లు, ఒక ఇన్వర్టరు, అంతే. సాయంత్రం అమెరికా మార్కెట్ తెరిచే టయానికి స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కొని పెళ్లికి పోయేవాడి మాదిరి కూర్చొనేవాడు. “నిన్నెవురు చూస్తారు బావా?” అంటే, “దుడ్లు చూస్తాయిరా. మాసిన చొక్కా చూసి వెనక్కి పోతే?” అనేవాడు. ఆ పనేందో పిల్లనిచ్చిన మాకే అర్థం కాలేదు. మా నాయన పోయేదాకా దాన్ని జూదమనే అనుకున్నాడు.

ఆయన చేసే ఇంకొక పని మాత్రం ఆ పల్లెలో అందరికీ తెలుసు. పాడె కట్టడం. వాళ్ల నాయన దగ్గర నేర్చుకున్నాడు. ఊళ్లో ఎవురు పోయినా ముందు ఆయనకు ఫోను, తర్వాతే చుట్టాలకు. వెదురు బొంగులు ఆయనే ఏరుకుంటాడు, నులక తాడు ఆయనే తడుపుతాడు. కట్టినాక ఎడమ కాలు పెట్టి గట్టిగా తొక్కి చూస్తాడు. “బతికినన్నాళ్లూ ఊగులాడినాడు. ఇప్పుడన్నా ఊగకుండా పోనీ” అనేవాడు. ఆయన కట్టిన పాడె జారిందని నేను ఏనాడూ వినలేదు.

కొన్నేళ్లు బాగా పోగొట్టుకున్నాడు. తర్వాత చెయ్యి తిరిగింది. చెయ్యి తిరిగినాక పన్ను వచ్చి కూర్చుంది. “పోయినప్పుడు ఒక్కడూ పలకరించలా, వచ్చినప్పుడు మాత్రం మూడో వంతు మాదంటారు” అని సణుగుతా ఉంటే, నెల్లూరులో ఆయన ఆడిటరు ఒక దారి చెప్పినాడు. నువ్వాడేది ఎట్లా అమెరికా మార్కెట్టే గదా, పన్ను లేని దేశానికి పోయి ఉండు, ఏడాదిలో ఇక్కడ ఉండే రోజులకు ఒక గీత ఉండాది, దాటితే పన్ను ఇక్కడే కట్టాల, దాన్ని దాటనీయొద్దు, అన్నాడు. బావ ఆ మాట పట్టుకున్నాడు. “మూడేళ్లురా. మూడేళ్లు పన్ను లేకుండా సంపాదించుకుంటే ఈ స్క్రీన్లు మూసేస్తా. మూసేసి మీ అక్క పక్కన కూర్చుంటా. సాయంత్రం పూట నా మొహం చూసి ఎంత కాలమైందో ఆమెకు” అన్నాడు. ఆయనకు కావాల్సింది అదొక్కటే, మిగతాదంతా దానికోసమే.

ఇంక దేశాల వేట. ప్రతి ఆదివారం నేను ఆత్మకూరు పోతే మిద్దె మీద కూర్చోబెట్టి చెప్పేవాడు. సింగపూరు బాగుంటాది గానీ, ఒంటరిగా ట్రేడింగ్ చేసుకునేవాడికి వీసా ఇయ్యరు. జార్జియాలో పన్ను తక్కువ, అద్దె తక్కువ. “అయితే పో” అన్నాను. “రెండు విమానాలు మారాల. మారేలోపల ఇక్కడ మనిషిని ఎత్తేస్తారు” అన్నాడు. నాకు అప్పుడర్థమైంది. ఏ దేశం పేరు చెప్పినా ఆయన ముందు చూసేది అక్కడినించి చెన్నైకి నేరుగా విమానం ఉండాదా, చెన్నైలో దిగి నెల్లూరు, ఆత్మకూరు, ఉదయగిరి మీదుగా శవం లేచేలోపల ఊరు చేరగలనా అని.

కాఫీ తెచ్చిన మా అక్క విని నవ్వింది. “నువ్వు పన్ను లేని దేశం వెతకతా ఉండావా, చావులకు అందే దేశం వెతకతా ఉండావా?”

“రెండూనే” అన్నాడు బావ, నవ్వకుండా.

అట్లా దుబాయి కుదిరింది. మా దిక్కునించి గల్ఫుకు పోయినోళ్లు ఎంతో మంది. పన్ను లేదని పోయినోడు ఈయనొక్కడే.

ఆయన చేసిన తప్పు ఆ దగ్గర దేశాన్ని ఎంచుకోవడమే. ఈ మాట కోపంగానే చెప్తా ఉండాను. మారుమూల దేశానికి పోయుంటే ఎవురూ పిలిచేవాళ్లు కాదు, పిలిచినా అందడని ఊరుకొనేవాళ్లు. దుబాయంటే పొద్దున ఫోన్ చేస్తే సాయంత్రానికి దిగతాడని ఊరికంతా తెలిసిపోయింది. ఎవురు పోయినా వచ్చినాడు. వచ్చినోడు దినం అయ్యేదాకా కదల్లేదు. దినం అయినాక ఇంకో ముసలామెకు బాగలేదంటే, పోయి మళ్లా రావడమెందుకని ఆగినాడు. ఏడాది చివర ఆడిటరు చూసి, “గీత దాటిపోయినారు సార్, ఈ ఏడు కూడా మీరు ఇక్కడోళ్లే” అన్నాడు. అక్కడ అద్దె, ఇక్కడ పన్ను. రెండో ఏడు కూడా అంతే. మా అక్క ఒక్కతే ఆత్మకూరులో సాయంత్రాలు తలుపు దగ్గరేసుకొని కూర్చొనేది.

మూడో ఏడు ఒట్టు పెట్టుకున్నాడు, ఎవురు పోయినా రానని. ఆ ఏడే ఆయన సొంత అన్న పోయినాడు.

రాలేదు. పల్లెకు పోయి ఉండిన నాకు వీడియో కాల్ చేసి, ఫోను గోడకు ఆనించమన్నాడు. “నువ్వు కట్టు. నేను చెప్తా.” ఆయన చేతిలో తువ్వాలు మెలితిప్పి తాడుగా చూపిస్తా ఉండాడు. “అట్లా కాదురా, కిందనించి తీయి. ఆ, ఇప్పుడు లాగు.” ఒక్కో ముడీ చెప్పినాడు. కళ్లెంట నీళ్లు కారతా ఉండాయి, తుడుచుకుంటే ముడి తప్పుతాదని తుడుచుకోలేదు. “ఇంక తలకాడ ముడి. బరువంతా దాని మీదే. బాగా చూడు” అన్నాడు. అక్కడ సిగ్నల్ పోయింది. ఆ పల్లెలో సిగ్నల్ ఎప్పుడుంటాదో ఎప్పుడు పోతాదో ఎవురికీ తెలీదు. ఆయన చేతులు తువ్వాలుతో సగంలో అట్టనే నిలబడిపోయినాయి స్క్రీను మీద. ఎంతసేపు చూసినా కదల్లేదు. ఏదో ఒకటి బిగించి, అడుగులో అడుగేసి తీసకపోయినాం.

సాయంత్రం ఫోన్ చేసి ఒక్కటే అడిగినాడు. “ఊగినాడా?”

“లేదు బావా.”

ఆ తర్వాత చానా రోజులు ఆయన మార్కెట్లో కూర్చోలేదంట. వచ్చేయమని అక్క ఏడ్చింది. “ఇప్పుడొస్తే అన్న లేస్తాడా? ఈ ఏడన్నా దక్కనీ” అన్నాడు. ఆ ఏడు ముగిసేలోపల ఆయనే పోయినాడు.

బావ ఉండే పెట్టె కోసం చెన్నై విమానాశ్రయంలో నిలబడి ఉంటే ఆడిటరు ఫోన్ చేసినాడు. మంచోడే, ఓదార్చినాడు. చివరికి నీళ్లు నమిలి, “ఈ ఏడు గీత దాటలేదండీ. ఇట్లా వచ్చిన రోజులు లెక్కలోకి రావు” అన్నాడు. మా అక్కకు ఆ మాట చెప్పలేదు.

ఊళ్లో బొంగులు కొట్టి పెట్టినారు. తాడు తడిపి పెట్టినారు. అందరూ నా పక్కే చూసినారు. ఆయన చెప్పినవన్నీ వరసగా కట్టుకుంటా తలకాడ ముడికి వచ్చినాను. అక్కడ నా చేతులు ఆగిపోయినాయి. అడిగేదానికి ఊళ్లో ఇంకెవురూ లేరు. నాకు తెలిసినట్టు బిగించినాను. కాలు పెట్టి తొక్కి చూసే ధైర్యం చాలలేదు.

వాగు దిగే చోట ముడి జారింది. బొంగునూ తాడునూ కలిపి రెండు చేతులా బిగబట్టుకొని, పాడె కింద వంగి వల్లకాటిదాకా నడిచినాను. తాడు అరచేతులు కోసింది. వదల్లేదు. ఎంత పట్టుకున్నా మా బావ ఊగతానే పోయినాడు.