కదలని కుట్టు

ఎండాకాలంలో మిర్చి యార్డు వైపు నుంచి గాలి తిరిగిందంటే, కిటికీలు మూసినా గుంటూరులోని మా క్లినిక్‌లో గొంతుకు ఘాటు తగులుతుంది. నిన్న అలాగే దగ్గుతుంటే విశాలాక్షి మేడమ్ గుర్తొచ్చారు. చిగుళ్ల ఆపరేషన్లు నాకు నేర్పింది ఆవిడే. చదువు పూర్తవగానే ఇదే క్లినిక్‌లో ఆవిడ దగ్గర చేరాను. పొట్టి మనిషి. చిన్న పీట ఎక్కి నిలబడి పనిచేసేవారు.

ఒకసారి వినుకొండ వైపు నుంచి మస్తాన్ గారనే సన్నాయి విద్వాంసుడు వచ్చారు. గుళ్లలోనూ పెళ్లిళ్లలోనూ ఊదడమే ఆయన జీవనం. కింది ముందుపంటి దగ్గర చిగురు జారిపోయి వేరు బయటపడింది. సన్నాయి పెదవికి ఆనించగానే జివ్వుమంటోందట.

"ఇది తప్ప నాకు ఇంకో పని రాదమ్మా," అన్నారాయన.

అంగిలి నుంచి పల్చటి కండపొర తీసి ఆ పంటి ముందు అతికించాలి. ఆ పొరకు మొదట్లో సొంత రక్తప్రసారం ఉండదు. కింది కణజాలాన్ని అంటిపెట్టుకుని, దాని నుంచే బతకాలి. అందుకే మేడమ్ దారాన్ని పంటి వెనక నుంచి తిప్పి, ఉయ్యాల కట్టినట్టుగా పొరను పంటికి ఆనించి కట్టారు. చూడటానికి ముచ్చటగా ఉంది. ఆవిడ మాత్రం ఆయన కింది పెదవిని మెల్లగా లాగి చూశారు. పొర ఒక మూల వెంట్రుకవాసి కదిలింది.

"ఫర్లేదేమో మేడమ్, సర్దుకుంటుంది," అన్నాను.

"కదిలితే బతకదమ్మా. మరీ బిగించామా, రక్తం అందక చస్తుంది." తర్వాత ఆయన వైపు వంగి, "మస్తాన్ గారూ, నేను వేసిన కుట్టు నాకే నచ్చలేదండీ. విప్పి మళ్లీ వేస్తాను, కాస్త ఓర్చుకోండి," అన్నారు.

డాక్టరు రోగితో అలా అనడం నేనెప్పుడూ వినలేదు. ఆయన కళ్లతోనే సరేనన్నారు. మేడమ్ మళ్లీ కుట్టి, తడి గుడ్డతో పొరను అదిమి పట్టుకుని, అంతసేపూ రెండో చెయ్యి ఆయన తలమీదే ఉంచారు.

పొర అతుక్కుంది. అయినా చాన్నాళ్లు సన్నాయి ముట్టుకోనివ్వలేదు. చివరికి ఒకరోజు క్లినిక్‌కే తెమ్మన్నారు. ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారే గాని ఎత్తలేదు.

"మళ్లీ నొప్పొస్తేనో?"

"వస్తే నేనున్నాగా. ఊదండి."

మొదట ఉత్త గాలే వచ్చింది. తర్వాత నాదం పలికింది. బయట కూర్చున్నవాళ్లు లేచి తలుపు దగ్గరికొచ్చారు. మేడమ్ కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

ఆవిడ ఇప్పుడు లేరు. నేను కట్టిన ముడి నాకు నచ్చనప్పుడు ఆ మాట రోగితో చెప్పడం ఇప్పటికీ కష్టమే. అయినా చెబుతాను. చెప్పి, విప్పి మళ్లీ కడతాను.